పద్యం పాడేటప్పుడు ఊపిరి ఆడే కవచం ఇంట్లో చేసుకోవాలి, తెలిసినవాళ్ళు చెప్పండి

రేపల్లె_రారాజు:

అందరికీ నమస్కారం. మాది రేపల్లె దగ్గర ఒక పల్లెటూరు. ఏటా శ్రీరామనవమి పందిట్లో పౌరాణిక నాటకం వేస్తాం. బయట నుంచి ఒకరిద్దరిని తప్ప మిగతా వేషాలన్నీ ఊళ్ళోవాళ్ళమే కట్టుకుంటాం. రెండేళ్ళుగా దుర్యోధనుడి వేషం నాదే. పాట మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను, అందులో నాకు బెరుకు లేదు. ఇబ్బందంతా డ్రెస్సుతోనే.

పోయినేడాది అద్దెకు తెచ్చిన కవచం చూడటానికి చాలా బాగుంది. వెల్వెట్ గుడ్డ మీద రేకు, దాని మీద చెమ్కీలు, అద్దాలు, రాళ్ళు. కానీ బరువు నాలుగు కిలోలకు తగ్గదు, పైగా నాకంటే సన్నటి మనిషికి కుట్టింది, వెనక తాళ్ళు లాగి కట్టేశారు. మయసభ సీనులో పద్యం ఎత్తుకున్నాను, చివరి పాదం మీద రాగం తీస్తుంటే ఛాతీ పొంగటానికి చోటు లేదు. ఊపిరి మధ్యలో తెగిపోయింది. హార్మోనియం వాయించే పెద్దాయన కనిపెట్టి అక్కడ నింపేశారు కాబట్టి జనానికి తెలియలేదేమో గానీ, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న ముందు వరసలో కూర్చుని ఉన్నారు, ఆయనకు తెలిసింది.

అందుకే ఈసారి నా కొలతలకు నేనే చేసుకుందామని నిర్ణయించుకున్నాను. కవచం, భుజకీర్తులు, ముంజేతులకు పట్టీలు, కిరీటం, గద. ఇంకా ఐదు వారాలు టైముంది. పని అయ్యాక రోజుకు రెండు గంటలు కూర్చోగలను. మొదటి ప్రయత్నంగా థర్మోకోల్ షీటు తెచ్చి, రబ్బరు గమ్ముతో అతికించబోతే గమ్ము తగిలిన చోటల్లా షీటు కరిగి గుంటలు పడింది. ఇక అప్పటి నుంచి ఏది ముట్టుకోవాలన్నా భయంగా ఉంది.

నేను తెలుసుకోవాలనుకునేవి ఇవి: ఏ షీటు వాడాలి, ఏ గమ్ము, బంగారు రంగు వేశాక వంగినచోట పగుళ్ళు రాకుండా ఏం చేయాలి, గద తేలిగ్గా ఉండి కూడా బరువుగా కనపడాలంటే ఎలా. అన్నిటికంటే ముఖ్యం, పాడేటప్పుడు ఊపిరి ఆడాలి.

ఫోమ్_కత్తెర:

నమస్తే అన్నా. నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఆరేళ్ళుగా కాస్‌ప్లే చేస్తున్నాను, అంటే సినిమాల్లో, కామిక్స్‌లో పాత్రల వేషాలు కట్టడం, ఆ అభిమానులు కలిసే కామిక్‌కాన్‌కి ఏటా ఒక కవచమైనా ఇంట్లోనే చేసుకుని వెళ్తాను. మీ పోస్టు చదివాక బాధేసింది, ఎందుకంటే మేం ఫోటోలు దిగటానికి వేసుకుంటాం, మీరు అది వేసుకుని గంటసేపు పాడాలి. కాబట్టి మా పద్ధతిని మీకోసం కొంచెం మార్చి చెప్తాను.

ముందు థర్మోకోల్ సంగతి. రబ్బరు గమ్ములో ఉండే ద్రావకం థర్మోకోల్‌ని తినేస్తుంది, స్ప్రే పెయింటు కూడా అంతే. అది మీ తప్పు కాదు, ఆ రెండూ పడవు. థర్మోకోల్‌కి మామూలు తెల్ల ఫెవికాల్ వాడాలి. అయినా కవచానికి థర్మోకోల్ వద్దే వద్దు, ఒంటిమీద వంగదు, విరుగుతుంది.

మీకు కావాల్సింది ఈవీఏ ఫోమ్. చెప్పుల అట్టల్లో వాడే రకం. పిల్లలు ఆడుకునే గదుల్లో నేలమీద ముక్కలు ముక్కలుగా కలిపి పరుస్తారే, ఆ మ్యాట్లు కూడా అదే. మ్యాట్లు 10, 12 ఎమ్ఎమ్ మందం ఉంటాయి, మీకు అంత అక్కర్లేదు. కవచానికి 5 లేదా 6 ఎమ్ఎమ్, ముంజేతి పట్టీలకు 4, పైన డిజైన్లకు 2. స్టేషనరీ షాపుల్లో క్రాఫ్ట్ ఫోమ్ అని రంగురంగుల పల్చటి షీట్లు అమ్ముతారు, ఆ 2 ఎమ్ఎమ్ అక్కడే దొరుకుతుంది. మందం షీట్లు చెప్పుల తయారీ సామాను అమ్మే చోట అడగండి. వేలితో గట్టిగా నొక్కి వదిలితే గుంట వెంటనే పైకి లేవాలి. గుంట అలాగే ఉండిపోతే మెత్తది, తీసుకోకండి. ఛాతీ, వీపు రెండూ కలిపినా ఈ ఫోమ్‌తో అరకిలో అటూఇటూ ఉంటుంది, నాలుగు కిలోల రేకుతో పోల్చి చూడండి.

ఇప్పుడు ప్యాటర్న్. ఇక్కడే మీ ఊపిరి సంగతి తేలిపోతుంది. పాత బనియన్ వేసుకోండి, దాని మీద వంటింట్లో గిన్నెలకు చుట్టే ప్లాస్టిక్ ర్యాప్ చుట్టించుకోండి, దానిమీద మాస్కింగ్ టేపు ముక్కలు ముక్కలుగా ఛాతీ అంతా అంటించమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. అంటించేటప్పుడు ఊపిరి నిండా పీల్చి పట్టుకోండి, మధ్యలో వదిలి మళ్ళీ పీల్చండి, కానీ టేపు పడే క్షణంలో మాత్రం ఛాతీ పూర్తిగా నిండి ఉండాలి. మామూలుగా నిలబడి కొలత తీసుకుంటే పోయినేడాది జరిగిందే మళ్ళీ జరుగుతుంది. టేపు అయ్యాక స్కెచ్ పెన్నుతో మధ్యగీత, మెడ, చంకలు, ఎక్కడెక్కడ అతుకు రావాలో అక్కడ గీతలు గీసి, పక్కనుంచి కత్తిరించి తీసేయండి. కత్తెర ఒంటివైపు కాకుండా బయటికి చూడాలి, ఈ పని ఇంకొకరే చేయాలి. ఆ గీతల వెంట కోసి, ముక్కల్ని చదునుగా పరిచి అట్ట మీద గీసుకుంటే అదే మీ ప్యాటర్న్. చదునుగా పడుకోని చోట చిన్న కోత పెట్టండి, టైలర్లు జాకెట్టుకు డాట్ పెట్టినట్టు. ఒకవైపే కొలిచి రెండోవైపుకు తిప్పి గీసుకోండి, రెండు వైపులూ సమానంగా వస్తాయి.

ముందు అట్టతో కవచం కుట్టినట్టు టేపుతో అతికించి వేసుకుని చూడండి. వేసుకుని పద్యం పాడండి. నిజంగా, గొంతెత్తి పాడండి. అప్పుడు ఎక్కడ అడ్డం పడుతోందో అట్ట మీదే గుర్తు పెట్టుకోవచ్చు. ఫోమ్ కోశాక తెలిస్తే డబ్బు, టైము రెండూ పోతాయి.

ముందుపలక, వెనకపలక పక్కల్లో అతికించకండి. చంక కింద రెండువైపులా నాలుగు వేళ్ళ సందు వదిలి, రెండంగుళాల వెడల్పు ఎలాస్టిక్ పట్టీలు ఒక్కోవైపు రెండేసి పెట్టండి. పైన కండువాయో, వేలాడే గుడ్డో వస్తుంది కాబట్టి ఆ సందు జనానికి కనపడదు.

కోతకు కట్టర్ బ్లేడు. ఫోమ్ బ్లేడుని చాలా త్వరగా మొద్దు చేస్తుంది, ప్రతి పది కోతలకీ ఒక ముక్క విరిచి కొత్తది వాడండి. మొద్దు బ్లేడుతో కోస్తే అంచు చిరిగినట్టు వస్తుంది, అతుకు కనపడిపోతుంది.

గమ్ముకి ఫెవికాల్‌లో ఎస్ఆర్ 998 అని ఉంటుంది, సోఫాలు చేసేవాళ్ళు వాడేది. తెల్ల ఫెవికాల్ కాదు. రెండు అంచులకీ పల్చగా రాసి, పది పదిహేను నిమిషాలు వదిలేయండి. వేలు పెడితే అంటుకోకుండా, కొంచెం జిగటగా మాత్రం అనిపించాలి, అప్పుడు నొక్కండి. తడిగా ఉండగా నొక్కితే అస్సలు అంటదు, చాలామంది చేసే పొరపాటు ఇదే. ఒకసారి అంటాక జరపటం కుదరదు, కాబట్టి ఒక చివర నుంచి కొంచెం కొంచెం కలుపుకుంటూ వెళ్ళండి. దీని వాసనలో ఉండే ద్రావకాలు ఒంటికి మంచివి కావు, మీరు పాడే మనిషి, గొంతు, ఊపిరితిత్తులు మీకు ఇంకా ముఖ్యం. డాబా మీద గాలి వచ్చే చోట చేయండి, దగ్గర్లో పొయ్యి, సిగరెట్టు ఏదీ ఉండకూడదు. కోవిడ్ అప్పటి మాస్కులు దుమ్మును ఆపుతాయి గానీ ఈ ఆవిరిని ఆపవు. పెయింటర్లు వాడే, రెండువైపులా గుండ్రటి ఫిల్టర్లుండే రబ్బరు మాస్కు కొనుక్కోండి.

అతికించాక హీట్ గన్, అంటే బాగా వేడిగాలి ఊదే మిషను. ఊళ్ళో ఎలక్ట్రీషియన్ దగ్గరో, కారు స్టిక్కర్లు వేసేవాళ్ళ దగ్గరో ఉంటుంది, ఒక రోజుకి అడగండి. ఫోమ్ మీద కదుపుతూ వేడి తగిలిస్తే కొన్ని సెకన్లలో పైపొర కొంచెం మెరుపు తేరుతుంది. రంధ్రాలు మూసుకున్నాయని గుర్తు. అప్పుడే కావాల్సిన వంపు తిప్పి, చల్లారేదాకా పట్టుకుంటే ఆ వంపు నిలిచిపోతుంది. ఒకేచోట ఆపితే కాలి గుంట పడుతుంది.

రంగు సంగతి రేపు రాస్తాను, ఇప్పటికే చాలా అయింది.

పాతరంగు:

బాబూ, నేను డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను, మైలవరం వైపు. ముప్ఫై ఏళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళ నాటకాలకు కిరీటాలు, గదలు, సింహాసనాలు చేసిచ్చాను. ఆ అమ్మాయి చెప్పిన ఫోమ్ నేనెప్పుడూ వాడలేదు, ఆమె చెప్పిన తీరు చూస్తే కవచానికి అదే మంచిదనిపిస్తోంది. కానీ కిరీటానికీ గదకీ నా మాట విను, కాగితం వాడు. కాగితం మీద వచ్చే నిండుతనం వేరు.

గదకి పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ బంతి తీసుకో, ఎనిమిది తొమ్మిది అంగుళాలది. బంతికి కొబ్బరినూనె పల్చగా పూయి. పాత పేపర్లు చేత్తో చింపి, కత్తెరతో కాదు, చింపిన అంచైతే పొరలో కలిసిపోతుంది, జిగురులో ముంచి ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డంగా వేసుకుంటూ పో. ఏడు పొరలు. రెండు పొరలకొకసారి నీడలో పూర్తిగా ఆరనివ్వాలి, లోపల తడి ఉండగా పైపొర వేస్తే బూజు పడుతుంది. ఎండలో పెడితే ఒకవైపు లాగేసి గుండ్రం చెడుతుంది. ఆరాక మధ్యకు కోసి బంతి తీసేసి, రెండు దొప్పలూ కలిపి మళ్ళీ రెండు పొరలు వేస్తే తేలికైన గుండు వస్తుంది.

జిగురు నేను చింతగింజలతోనే కాస్తాను. గింజలు వేయించి, పొట్టు తీసి, పొడి కొట్టించి, నీళ్ళలో ఉండ కట్టకుండా కాచాలి. కొండపల్లి బొమ్మలకు కాళ్ళూ చేతులూ అతికించే మక్కు ఉంది చూడు, అదీ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిందే, ఎండితే చెక్కలా అయిపోతుంది. నువ్వు గద మీద పట్టెలు, మొగ్గలు ఆ మక్కుతోనే పెట్టుకోవచ్చు. జిగురులో చిటికెడు మైలతుత్తం వేయాలి, లేకపోతే బొద్దింకలూ ఎలుకలూ తినేస్తాయి. అది విషం, పిల్లలకు అందనీయకు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కో.

కర్రకి ముప్పావు అంగుళం నీళ్ళ పైపు వాడు, కరెంటు వైర్లకు వేసే పల్చటి పైపు వద్దు, అది స్టేజీ మీద గద నేలకానించి దాని మీద చెయ్యి వేసి నిలబడగానే వంగుతుంది. పైపు గుండులోంచి పైదాకా వెళ్ళి అవతల మొగ్గలో ఆగాలి. మొత్తం కిలో దాటకూడదు. బరువుగా కనపడటం గదలో లేదు, నీ భుజంలో ఉంది. ఎత్తేటప్పుడు మోకాలు కొంచెం వంచి, భుజం ముందు కదిలి, తరవాత చెయ్యి లేవాలి. రిహార్సల్‌లో నీళ్ళు పోసిన బిందె ఎత్తి ఆ కదలిక ఒంటికి అలవాటు చేసుకో.

కిరీటం కొలత విగ్గు పెట్టుకున్నాకే తీసుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు. ఉత్త తలకు కొలిచి చేస్తే విగ్గు మీద ఎక్కదు, ఎక్కినా పావుగంటలో తలనొప్పి వస్తుంది.

కాకతీయ_కళ:

మాది జనగామ దగ్గర. చిన్నప్పుడు మా ఊరికి చిందు యక్షగానం వాళ్ళు వచ్చేటోళ్ళు. వాళ్ళ కిరీటాలు, భుజకీర్తులు తేలికైన పొనికి చెక్కతో చెక్కినవి, మీద రంగులు, అద్దాలు. ఒకసారి మా బాపు అడిగితే భుజకీర్తి నా చేతిలో పెట్టారు, చూస్తే ఎంతో పెద్దగా ఉంది, చేతిలో పెడితే ఏమీ బరువు లేదు. రాత్రంతా ఆడి పాడే వాళ్ళకు అట్లనే ఉండాలె కదా. మీరు మీ భుజకీర్తులు చేసేటప్పుడు ఆ సైజు మర్చిపోవద్దు. ఈ మధ్య చిన్నగా చేస్తున్నారు, వేషం నిండుగా కనపడటం లేదు. ఫోమ్ అయితే పెద్దగా చేసినా బరువుండదు కాబట్టి మనసారా చేసుకోండి.

ఇంకో మాట, సన్‌బోర్డు గురించి ఎవరూ చెప్పలేదు. ఫ్లెక్సీ షాపుల్లో 3 ఎమ్ఎమ్, 5 ఎమ్ఎమ్ దొరుకుతుంది, మా దగ్గర గణపతి మంటపాల డెకరేషన్‌కి అదే వాడుతం. కవచానికి పనికిరాదా?

ఫోమ్_కత్తెర:

సన్‌బోర్డు అంటే పీవీసీ. సింహాసనం, రథం, వెనక పెట్టే తోరణం లాంటివాటికి చాలా బాగుంటుంది, ఒంటిమీద వద్దు. అంచులు గీసుకుంటాయి, కిందపడితే పగులుతుంది. హీట్ గన్‌తో వంచుదామని ఎక్కువ వేడి చేస్తే ఘాటైన విషవాయువు వస్తుంది, అది గొంతులోకి పోతే ఇంక పద్యం మాటే ఉండదు.

మాస్టారూ, గద మీద చింపిన కాగితం సంగతి చదివి చాలా సంతోషించాను, నేను ఇన్నాళ్ళూ కత్తెరతో కోసి, అతుకులు కనపడుతున్నాయని ఇసుక కాగితంతో గంటలు గంటలు రుద్దేదాన్ని.

అన్నా, ఇక రంగు. ఫోమ్ మీద నేరుగా రంగు వేస్తే పీల్చేస్తుంది, ఎనామెల్ వేస్తే వంగినచోట పగులుతుంది. హీట్ గన్ పట్టాక తెల్ల ఫెవికాల్‌లో కొన్ని నీళ్ళు కలిపి పల్చటి పూతలు నాలుగు వేయండి, ఒక్కోటి ఆరాక ఇంకోటి. నడుము దగ్గర, ముంజేతి దగ్గర, అంటే ఎక్కువ వంగేచోట, కార్ల చక్రాలకు కొట్టే రబ్బరు కోటింగ్ స్ప్రే దొరికితే అది వాడండి, సాగుతుంది, పగలదు. దానిమీద ముందు నలుపు, లేదా ముదురు గోధుమరంగు అక్రిలిక్. అది పూర్తిగా ఆరాక బంగారు రంగు, కానీ బ్రష్ ముంచి పూయకండి. బ్రష్‌కి రంగు అంటించి, గుడ్డకి తుడిచేసి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌ని ఉబ్బెత్తు డిజైన్ల మీద రుద్దండి. పల్లంలో నలుపు మిగిలి, ఎత్తులో బంగారం పడుతుంది, పాత ఇత్తడి విగ్రహం లాగా వస్తుంది. మొత్తం ఒకే బంగారం కొడితే ఫోకస్ లైటు కింద తళతళలాడే ఒక్క పలకలా కనపడుతుంది, డిజైన్ ఎక్కడుందో వెనక కూర్చున్నవాళ్ళకు తెలియదు. మీ పందిట్లో ఆఖరి వరస ఎంత దూరమో చూసుకుని డిజైన్ గీతలు వేలి వెడల్పుకి తగ్గకుండా పెట్టండి, సన్నటి పనితనం ఫోటోకే.

డల్లాస్_వేషం:

నమస్తే అండి, మేం డల్లాస్‌లో ఉంటాం, ఇక్కడి తెలుగు సంఘం ఉగాది కార్యక్రమానికి పిల్లలతో పౌరాణికం వేయిస్తుంటాను. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చిన కిరీటాలు ఎన్నిసార్లు నలిగిపోయాయో లెక్కలేదు, అందుకే ఇప్పుడు అన్నీ ఇక్కడే చేస్తున్నాం, మా ఊళ్ళో హార్డ్‌వేర్ షాపుల్లో ఆ నేల మ్యాట్లు తేలిగ్గా దొరుకుతాయి.

నేను చెప్పదలచుకున్నది రెండే. ఒకటి, భుజకీర్తులు చొక్కా చేతులకు కుట్టకండి, కవచానికి కూడా గట్టిగా అతికించకండి. మా భీముడు చెయ్యెత్తగానే కవచం మొత్తం పైకి లేచి గడ్డానికి తగిలింది. ఆ అబ్బాయి చక్కగా డైలాగు పూర్తి చేశాడు గానీ సీను అంతా కవచాన్ని కిందికి లాక్కుంటూనే ఉన్నాడు. ఇప్పుడు భుజం మీద నుంచి వచ్చే పట్టీకి రెండంగుళాల గుడ్డ ముక్కతో తలుపు బందులాగా వేలాడదీస్తున్నాను, చెయ్యి లేస్తే భుజకీర్తి దానంతటదే పైకి తిరుగుతుంది. దాని పైకొస కిరీటం చెవిపత్రాలకు తగలకుండా తల రెండువైపులా తిప్పి చూసుకోండి.

రెండు, మైకు. మీరు నిలబెట్టిన మైకు ముందు పాడితే పరవాలేదు, కాలర్ మైకు పెట్టేటట్టయితే ఛాతీ మీద వేలాడే పూసల దండలు దానికి తగిలి స్పీకర్లలో టపటపా మోగుతాయి. దండలకు వెనక అక్కడక్కడా కుట్టు వేసి కదలకుండా చేయండి.

రేపల్లె_రారాజు:

మీ అందరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. పది రోజులు రాయలేకపోయాను, పనిలోనే ఉన్నాను.

చెల్లెమ్మ చెప్పినట్టు ఊపిరి పట్టి టేపు వేయించుకున్నాను, మా ఆవిడ వేసింది. అట్ట కవచం కట్టుకుని నిన్న సాయంత్రం డాబా మీద పద్యం పాడాను. ఛాతీ దగ్గర హాయిగా ఉంది. పక్కన ఎలాస్టిక్ సాగుతోంది. కానీ పై స్థాయికి వెళ్ళి అక్కడ నిలబడదామంటే ఇంకా ఎక్కడో పట్టేస్తోంది. రెండుసార్లు పాడినా అర్థం కాలేదు. మా నాన్న కిందనుంచి విని పైకి వచ్చారు, కవచం కింది అంచు పట్టుకుని చూసి, "పాటకు ఊపిరి ఇక్కడి నుంచి వస్తుందిరా" అని నా పొట్ట మీద చెయ్యి పెట్టారు. అప్పుడు చూసుకుంటే అట్ట బొడ్డు కిందిదాకా ఉంది. ఛాతీకి చోటిచ్చి పొట్టను బిగించేశాను. పోయినేడాది కూడా అసలు పట్టేసింది అక్కడేనేమో అని ఇప్పుడనిపిస్తోంది, ఆ తాళ్ళు నడుము దగ్గరే గట్టిగా కట్టారు.

ఇప్పుడు ఆ కింది భాగం కోసేయాలా, లేక ఇంకేదైనా దారి ఉందా? కోసేస్తే పొట్ట ఖాళీగా కనపడుతుంది, రారాజు వేషానికి అది బాగోదు.

ఫోమ్_కత్తెర:

నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. ఇది నాకు తట్టాల్సింది, తట్టలేదు, నేను ఎప్పుడూ కవచం వేసుకుని పాడలేదు.

కోయండి, కానీ ఖాళీగా వదలక్కర్లేదు. ఛాతీ పలకను చివరి పక్కటెముక దగ్గర ఆపేయండి. అక్కడి నుంచి కిందికి రెండంగుళాల వెడల్పు పట్టీలు మూడో నాలుగో, 4 ఎమ్ఎమ్ ఫోమ్‌తో, చేప పొలుసుల్లాగా ఒకదాని మీద ఒకటి అరంగుళం ఎక్కేటట్టు పెట్టండి. ఒకదానికొకటి అతికించకండి. వెనక మెత్తటి సాగే గుడ్డ, బనియన్ గుడ్డ లాంటిది, నిలువుగా పెట్టి ప్రతి పట్టీ పై అంచును మాత్రమే దానికి అతికించండి. అడ్డంగా కూడా ప్రతి పట్టీనీ మధ్యలో కోసి, ఆ కోత మీద మొగ్గో, సింహం తలో ఒకవైపే అతికించి మూసేయండి. పొట్ట పొంగినప్పుడు పట్టీ తెరుచుకుంటుంది, ఆ బొమ్మ కింద సందు కనపడదు. ఊపిరి వదిలితే మళ్ళీ దగ్గరికి వస్తుంది. వడ్డాణం కూడా వెనక ఎలాస్టిక్‌తోనే.

పాతరంగు:

అమ్మాయి చెప్పింది బాగుంది. ఆ సింహం తల నేను అచ్చు తీసి పంపగలను గానీ మక్కుతో చేస్తే ఫోమ్ మీద వంగినప్పుడు ఊడిపోతుంది. మక్కు గద మీదకీ కిరీటం మీదకీ, అంటే గట్టిగా ఉండే వస్తువుల మీదకే. కవచం మీద లతలకు నూలు తాడు వాడు. తెల్ల ఫెవికాల్‌లో ముంచి, గీసుకున్న డిజైన్ మీద పరుచుకుంటూ పో. తాడు వంగుతుంది, పగలదు, మీద రంగు వేస్తే చెక్కిన పనిలా వస్తుంది. మొగ్గలు ఫోమ్‌తోనే రెండు మూడు పొరలుగా కోసి పెట్టుకో.

కిరీటం లోపల స్పాంజి మీద తెల్లగుడ్డ వేసి, ఆ గుడ్డ ఊడదీసి ఉతుక్కునేలా కట్టుకో. చెమటకు అట్ట నానితే కిరీటం ఒక్క సీజన్‌కే వంగిపోతుంది. వెనక నాడా పెట్టి విగ్గుకు ముడి వేయి, గడ్డం కింద మాత్రం వద్దు, నువ్వు నోరు తెరవాలి.

డల్లాస్_వేషం:

ఎండాకాలం కదా, ఒక మాట. అన్నీ అయ్యాక కవచం కారులో పెట్టి తలుపులు మూసి ఎండలో వదలకండి. ఇక్కడ టెక్సాస్ ఎండకు మాది అతుకులు విడిపోయి, ఫోమ్ సీటు ఆకారానికి తిరిగిపోయింది. లోపల పాత గుడ్డలు కుక్కి, ఇంట్లో నీడన నిలబెట్టండి.

రేపల్లె_రారాజు:

పట్టీలు పెట్టాను. మాస్టారి తాడు లతలు కూడా అయ్యాయి, ఒక భుజకీర్తి మీద మాత్రం మిగిలాయి, గద గుండు ఐదో పొరలో ఉంది. జనగామ అన్న చెప్పిన మాట గుర్తుపెట్టుకుని భుజకీర్తులు నా చెవుల ఎత్తుకు వచ్చేంత పెద్దవి చేశాను, రెండూ కలిపి తూచితే పావుకిలో లేవు.

నిన్న రాత్రి రంగు వేయని కవచం వేసుకుని రిహార్సల్‌కి వెళ్ళాను. పద్యం చివరి పాదం మీద రాగం ఎత్తుకుని, పైన నిలబెట్టి, నాకు తృప్తి కలిగేదాకా ఉంచి దించాను. పట్టీలు తెరుచుకోవటం నా పొట్టకు తెలుస్తూనే ఉంది. హార్మోనియం పెద్దాయన ఆపి, ఇంకోసారి పాడమన్నారు. నాన్న ఏమీ అనలేదు గానీ, ఇంటికి వచ్చాక కవచం తీసుకుని అరుగు మీద కూర్చుని, ప్రతి పట్టీ వేలితో ఎత్తి చూశారు. కర్ణుడి వేషం వేసే మా బాబాయి కొడుకు ఇప్పుడు తనకు కూడా చేసిపెట్టమంటున్నాడు, వాడి ఛాతీ నాకంటే వెడల్పు, రేపు ఉదయం టేపు వేయాలి.

ఒక్క సందేహం మిగిలింది మాస్టారూ. కిరీటం మీద అద్దాలు, రాళ్ళు అతికించటానికి రంగు వేయకముందా, వేశాకా?

పాతరంగు:

రంగు వేశాకే, బాబూ. అద్దం కూర్చునే చోట మాత్రం రంగును ఇసుక కాగితంతో గీకేయి, జిగురు కాగితాన్ని పట్టుకోవాలి గానీ రంగును కాదు. గదకి మిగిలిన రెండు పొరలూ తొందరపడకుండా ఆరనివ్వు.